ప్రసాదమునకు పథ్యము కలదా?

వీరశైవుని నిత్యజీవితములో అన్నము కేవలము ఆకలి తీర్చు పదార్థము కాదు. అష్టావరణములలో ప్రసాదమొకటి. షట్స్థలములలో మూడవదైన ప్రసాదిస్థలము దాని పేరనే వెలసినది. కరస్థలమందలి ఇష్టలింగమునకు అర్పింపనిదానిని భుజింపరాదు. అర్పించి ప్రసాదముగా స్వీకరించినదానిని పారవేయరాదు. ఈ రెండు నియమములు లింగాయత గృహములలో పసిబిడ్డలకు సైతము తెలిసినవే. విస్తరిలో మెతుకు మిగిల్చిన పిల్లవానిని మందలింపని అవ్వ ఉండదు.

ఇట్టి ఇంట ఒకరికి మధుమేహమున్నదని తెలిసినప్పుడు ఒక ధర్మసందేహము తలయెత్తును. వైద్యుడు తీపి వలదనును, అన్నము తగ్గింపుమనును. మఠములో, వివాహములో, జయంతిలో ప్రసాదముగా వచ్చునది తరచుగా తీపియే. వలదన్నచో ప్రసాదమును తిరస్కరించినట్లగునా? స్వీకరించినచో దేహమునకు ద్రోహము చేసినట్లగునా? ఇది చమత్కారమునకు వేసిన ప్రశ్న కాదు. భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగి 2023లో వెలువడిన సర్వేక్షణము ప్రకారము ఈ దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహముతో జీవించుచున్నారు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని వాకిట నిలిచియున్నారు. ఈ ప్రశ్న తలుపు తట్టని వీధి నేడు అరుదు.

మధుమేహము క్రొత్త వ్యాధి కాదు. చరకసంహిత ప్రమేహమునకు హేతువులను చెప్పుచు, కదలక కూర్చుండు సుఖమును, నిద్రాసుఖమును, పెరుగును, క్రొత్త ధాన్యమును, బెల్లపు వంటకములను పేర్కొన్నది. నేటి వైద్యము దానిని మరింత సూక్ష్మముగా వివరించుచున్నది. తినిన అన్నమో రొట్టెయో జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తములో చేరును. క్లోమమున పుట్టు ఇన్సులిను దానిని కండరములలోనికి, ఇతర కణములలోనికి చేర్చును. రెండవ రకపు మధుమేహములో కణములు ఇన్సులిను ఆజ్ఞను సరిగా పాటింపవు. కాలక్రమమున క్లోమమును అలసిపోవును. అప్పుడు చక్కెర రక్తమునందే నిలిచిపోవును. పరగడుపున ఒక డెసిలీటరు రక్తములో 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నను, రెండు మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 శాతము గాని అంతకు మించి గాని ఉన్నను, సాధారణముగా మరియొకసారి పరీక్షించి మధుమేహమని నిర్ణయింతురు. మొదట నొప్పి ఉండదు. ఏండ్ల తరబడి అదుపు తప్పియున్న చక్కెర కంటి తెరను, మూత్రపిండములను, పాదముల నరములను, గుండెను మెల్లమెల్లగా చెరచును. నొప్పి లేకపోవుటయే దీనియందలి మోసము.

ఉదాహరణమునకు, జహీరాబాదు ప్రాంతమున ధాన్యపు కొట్టు నడుపు ఏబదియైదేండ్ల గృహస్థు నొకని భావింపవచ్చును. నిత్యము లింగపూజ చేసికొననిదే మంచినీరైనను ముట్టడు. కండ్లద్దముల కొరకు వైద్యుని యొద్దకు పోగా, అనుమానించి రక్తపరీక్ష చేయించిరి. పరగడుపున 190 అని తేలెను. ఆతడు అలసుడు కాడు, మొండివాడును కాడు. ఆనాటి నుండియే టీలో చక్కెర మానెను. రాత్రి అన్నము మాని జొన్నరొట్టె పట్టెను. మాత్రలు వేళ తప్పక మ్రింగెను. ఒక్క విషయమున మాత్రము పట్టు విడువలేదు. “ప్రసాదమునకు పథ్యమేమి? శివునికి అర్పించినది అపకారము చేయునా?” అని ఆతని వాదము.

శ్రావణ సోమవారములు వచ్చినవి. బంధువుల ఇంట గృహప్రవేశము వచ్చినది. మఠములో దాసోహము, ఇరుగుపొరుగువారి వ్రతములు వచ్చినవి. లెక్కించి చూచినచో నెలలో పండ్రెండు దినములు ప్రసాదదినములే. మూడు నెలల పిమ్మట హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయగా, తగ్గవలసిన అంకె 8.4 నుండి 8.9కి పెరిగెను. ఏమేమి తినుచున్నారని వైద్యుడడుగగా ఆతడు అన్నియు చెప్పెను గాని ప్రసాదమును చెప్పలేదు. అసత్యమాడవలెనని కాదు. ప్రసాదము ఆహారపదార్థముల పట్టికలో చేరునది కాదని ఆతడు మనఃపూర్వకముగా నమ్మెను.

మొదటి చిక్కు ఇచ్చటనే ఉన్నది. ప్రసాదభావము భుజించువాని మనస్సును మార్చును; “ఇది నాది” యను అహంకారమును తీసివేయును. బెల్లము యొక్క గుణమును మాత్రము అది మార్చదు. హారతి ఇచ్చిన నిప్పు పవిత్రమే. కాని దానిపై చేయి నిలిపినచో కాలక మానదు. పదార్థధర్మమును కాదనుట భక్తి కాదు. అగ్నికి కాల్చు గుణమును, బెల్లమునకు రక్తములో చక్కెరను పెంచు గుణమును ఇచ్చినవాడు ఆ శివుడే యని నమ్మువాడు, ఆ గుణములను గౌరవించుటయే భక్తికి తగిన పని.

ఆ గృహస్థు ఈ మాటను కొంతకాలమునకు గ్రహించెను. పథ్యము కఠినముగా పట్టెను. కాని ఇంట ఎనుబదేండ్ల తల్లి కలదు. పండుగనాడు ఆమె స్వయముగా పోలెలు చేసి, “నాయనా, నా చేతివి రెండైనను తినవా?” అని విస్తరిలో వేయును. ఆతడు తల్లి మాట కాదనలేక ఊరకుండును. వైద్యుని మాట తలచుకొని సగము తిని లేచును. నిగ్రహము నిలుపుకొంటినని సంతసించును. మరునాటి పరీక్షలో అంకె తగ్గియుండును. ఇంతవరకు కథ సుఖాంతమువలెనే తోచును.

మరి విస్తరిలో మిగిలిన ఆ పోలె యేమైనది? ప్రసాదము పారవేయరాదు గదా! ఆతడు లేచిన తరువాత అదే విస్తరిలో కూర్చుండి భుజించునది భార్య. ఆతడు వదలిన పోలెను, పాయసమును, అన్నమును, “వృథా కారాదు” అని ఆమెయే తినుచుండెను. ఏడాది గడచిన పిమ్మట ఆమె కాలి మీది చిన్న పుండు నెల దాటినను మానలేదు. పరీక్షింపగా పరగడుపున 210. ఆమె తల్లికిని ఈ వ్యాధి ఉండెను. అయినను ఆమె రక్తమును అంతకుముందు ఎవరును పరీక్షింపలేదు. భర్త మిగిల్చిన తీపియే ఆమె వ్యాధికి కారణమనుట న్యాయము కాదు. వంశమును, వయస్సును, ఇంకను అనేక హేతువులు కలవు. కాని ఒక మాట నిశ్చయము. ఆతని పథ్యము యొక్క భారమును ఏడాది పాటు మోసినది ఆమె.

ఆనాడు ఆమె భర్తతో, “మీరు మిగిల్చినదంతయు నా విస్తరిలో పడుచున్నదండీ. మిగులవలసినది గిన్నెలో గాని విస్తరిలో కాదు” అనెను. ఆమె శాస్త్రము చదివినది కాదు. కాని ఈ ధర్మసందేహమునకు సమాధానము ఆ మాటలోనే ఉన్నది.

శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య వృత్తాంతము ప్రసిద్ధము. ఆయ్దక్కి యనగా ఏరుకొన్న బియ్యము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చి, దానితో దాసోహము చేయుట ఆతని కాయకము. ఒకనాడాతడు అలవాటునకు మించి బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఆ అధికము తమకు తగదని, తెచ్చినచోటనే తిరిగి పోసి రమ్మని పంపెను. ఈ కథను ఆశ కూడదను నీతికై చెప్పుదురు. అది సరియే. కాని అందులో మరియొక సూక్ష్మము కలదు. లక్కమ్మ వండిన తరువాత వలదనలేదు, వడ్డించిన తరువాత మిగుల్చలేదు, భుజించిన తరువాత పశ్చాత్తాపపడలేదు. బియ్యము ఇల్లు చేరగనే, కుండలో పడకముందే కొలత చెప్పెను.

కొలత ఉండవలసిన చోటు అదియే. అర్పింపకముందు పదార్థము పదార్థమే. దానిని తగ్గించుటలో, మార్చుటలో దోషము లేదు. అర్పించి స్వీకరించిన పిమ్మట అది ప్రసాదము. దానిని విడుచుటకు మనస్సు ఒప్పదు, ఒప్పరాదు. కావున నిగ్రహము నోటియొద్ద కాదు, వంటయింట ప్రారంభము కావలెను. వడ్డనకు ముందే కొలచుకొన్నవాడు ప్రసాదమును తిరస్కరింపడు, మిగుల్చడు, ఇతరుల మీద మోపడు. నియమమును, పథ్యమును ఒక్కమారే నెరవేర్చును. ఒకని సంయమనము మరియొకరికి భారమైనచో అది సంయమనము కాదు; బరువును చేయి మార్చుట మాత్రమే.

ఇంత కొద్దిగా స్వీకరించుట ప్రసాదమునకు అవమానము కాదా యని కొందరు శంకింతురు. పాదోదకమును ఎవరును చెంబులతో త్రాగరు. కొద్దిగా స్వీకరించి ధన్యులమైతిమని తలంతురు. విభూతిని చిటికెడు ధరింతురు గాని బుట్టలతో కాదు. పావనత్వమునకు తూకము లేదని ఈ రెండింటి విషయమున అంగీకరించినవారు, తీపి విషయమున మాత్రము దోసిలి పట్టుటకు కారణము భక్తియో, జిహ్వయో తమలో తాము విచారించుకొనవలెను. కంది గింజంత పోలె ముక్కను కన్నులకద్దుకొని నోట వేసికొన్నవాడు పూర్ణప్రసాదమునే స్వీకరించినవాడు.

“శివుడిచ్చిన వ్యాధి, శివుడే చూచుకొనును” అని చేతులు ముడుచుకొనువారు మరికొందరు. సుఖదుఃఖములను ప్రసాదముగా స్వీకరించుట ప్రసాదిస్థల లక్షణమే. కాని స్వీకరించుట వేరు, ఊరకుండుట వేరు. పొలము ప్రసాదమని నమ్మిన రైతు దానిని దున్నక విడువడు. కాయకమును ఇంతగా పూజించిన మార్గములో సోమరితనమునకు భక్తి యను పేరు పెట్టుటకు చోటు లేదు. అట్లే ఈ వ్యాధి పాపఫలమని రోగిని చిన్నబుచ్చుటయు తగదు. ఒకే విస్తరిలో ఒకే అన్నము తినిన ఇద్దరన్నదమ్ములలో ఒకనికి వచ్చి మరియొకనికి రాకుండుట కలదు. నింద భయము చేతనే పలువురు వ్యాధిని దాచుదురు. దాచినవాడు విందులలో పదిమంది ముందు వలదనలేక తినును. దాచవలసిన అవసరము కల్పించిన సమాజమునకును ఆ దోషములో పాలు కలదు.

ఇక వంటయింటి కొలత యెట్టిదో తెలియవలెను. విస్తరిలో సగము ఆకుకూరలు, కూరగాయలు. పాతిక వంతు పప్పు, పెసలు, శనగలవంటివి. మిగిలిన పాతిక వంతు రొట్టెయో అన్నమో యుండుట సులభమైన లెక్క. ఆ ప్రాంతపు పెద్దల భోజనము ఒకప్పుడు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరయే. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చిన పిమ్మట పేదల ఆకలి తీరెను. అది గొప్ప మేలు. దానితోపాటు వరియన్నము మూడు పూటల భోజనమైనది. నేడు జొన్నలు, కొర్రలు మరల ఆదరణ పొందుచున్నవి. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. కాని జొన్నయు పిండిపదార్థమే. రొట్టె మంచిదని ఐదు రొట్టెలు తినినచో చక్కెర పెరుగక మానదు. అట్లే పంచదార మాని బెల్లమును, తేనెను యథేచ్ఛగా వాడుట తనను తాను మోసగించుకొనుటయే. రక్తము ఆ భేదమును అంతగా ఎరుగదు.

లింగమునకు తీపియే నైవేద్యము కావలెనను నియమము లేదు. ఉడికించిన శనగలు, పెసల గుగ్గిళ్ళు, కొబ్బరి ముక్క, ఒక చిన్న పండు ముక్క అర్పింపవచ్చును. పండుగనాడు పోలెలు చేయక తప్పదనుకొన్నచో చిన్నవిగా చేసి, ఒకటి మాత్రమే వడ్డించి, ఆ పూట అన్నమును తగ్గించుకొనవచ్చును. ఇంటిల్లిపాదికిని ఒకే వంట ఉండుట మేలు. రోగికి వేరుగా చప్పిడి గిన్నె పెట్టి, ఎదుట తక్కినవారు విందారగించుట ప్రేమ కాదు. మితాహారము రోగికి మందు, ఆరోగ్యవంతునికి రక్ష.

ఆహారముతోపాటు కదలికయు కావలెను. నడచునప్పుడు కండరములు రక్తములోని చక్కెరను తామే తీసికొనును. కావున భోజనానంతరము పది పదునైదు నిమిషములు నడచుట, మొత్తముమీద వారమునకు 150 నిమిషములైనను చురుకుగా నడచుట హితకరము. కాయకమును పూజించు సమాజములో ఉదయము నుండి రాత్రి వరకు గద్దె దిగని వ్యాపారులు, కుర్చీ విడువని ఉద్యోగులు ఈ మాటను ప్రత్యేకముగా ఆలోచింపవలెను. పథ్యము, నడక ఉన్నవి గదాయని మాత్రలను స్వయముగా మానుట మాత్రము ప్రమాదము. ఆ నిర్ణయము వైద్యునిది.

ఉపవాసములను, యాత్రలను గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. ఇన్సులిను గాని, కొన్ని రకముల మాత్రలు గాని వాడువారు శివరాత్రినాడు యథాప్రకారము మందు వేసికొని ఏమియు తినకున్నచో చక్కెర 70 కంటె దిగువకు పడిపోవచ్చును. చెమట, వణకు, గుండెదడ, మాట తడబాటు దాని గురుతులు. అప్పుడు వ్రతభంగమని సంశయింపక, మూడు చెంచాల గ్లూకోజునో చక్కెరనో నీటితో వెంటనే తీసికొని, పావుగంటకు మరల పరీక్షించుకొనవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు; ఆసుపత్రికి తరలింపవలెను. దినదినము వలదన్న చక్కెరయే ఆ క్షణమున ప్రాణదాత. పథ్యము చక్కెర మీది పగ కాదు, కాలమును కొలతను ఎరుగుట యని దీనివలన తెలియును. ఉపవాసమునకు ముందే వైద్యుని సంప్రదించుట వివేకము. అట్లే ఉగాదికి కాలినడకన శ్రీశైలము చేరు భక్తులలో మధుమేహమున్నవారు పాదములను ప్రతిరాత్రి పరీక్షించుకొనవలెను. నరముల స్పర్శ తగ్గినవారికి ఎండకు కాగిన బండ కాల్చినను తెలియదు. చిన్న బొబ్బ పుండై, పుండు వ్రేలిని హరించుట కలదు.

గృహస్థులకు, మఠములకు చివరి విన్నపమొకటి. వడ్డించువాని చేతిలోనే సగము పథ్యమున్నది. విస్తరిపై చేయి అడ్డము పెట్టినవానిని “ఒక్కనాటికేమగును” అని బలవంతపెట్టుట ఆతిథ్యము కాదు. ఆ ఒక్కనాడు పది ఇండ్లలో పదినాళ్ళగును. దాసోహమనగా అతిథికి దాసుడనగుట. దాసుడు అతిథి మాట వినవలెను గాని తన మాట వినిపింపరాదు. దాసోహములలో తీపిని చిన్న పరిమాణమున వడ్డించి, కోరినవారికే మరల వడ్డించుట, మజ్జిగ, గుగ్గిళ్ళు కూడ సిద్ధపరచుట మఠములకు కష్టము కాదు. పథ్యము పట్టినవారును విందులలో ఇతరుల విస్తరులు చూచి ఉపన్యసింపకుండుట మంచిది. జిహ్వను గెలిచి అహంకారమునకు లొంగుట లాభము కాదు.

ఆ గృహస్థుని ఇంట మరుసటి వైశాఖమున బసవజయంతి వచ్చినది. తల్లి ఈమారును పోలెలు చేసినది. కాని అరచేతి కంటె చిన్నవిగా చేసినది. ఇంటి లెక్కకు మించినవానిని అర్పణకు ముందే పొరుగువారి పిల్లలకు పంపినది. కుమారుని విస్తరిలో ఒకటి వేసి, “ఇంతేనా, నాయనా?” అని అడిగెను. “ఇంతే చాలునమ్మా” అని ఆతడు కన్నులకద్దుకొని తినెను. విస్తరిలో ఏమియు మిగులలేదు. ఆనాడు భార్య ఆతడు లేచువరకు వేచియుండలేదు. ప్రక్కనే మరియొక విస్తరి వేసికొని, అదే కొలతతో, అదే వేళకు తానును భుజించెను.